జున్ను మీది రాయి

క్లియాంథిస్ మాస్టారు ఒక రాయి కోసం మా ఊరికి రావలసిన రోడ్డు ఆపించాడు. ఆ రోడ్డు లేక నా భార్య రోదూ కొండ మీద మలుపులో చచ్చిపోయింది. ఇందులో తేల్చవలసింది ఏమీ లేదు. కాఫీ కొట్లో కూర్చుని దేవుడి నిర్ణయం అనేవాళ్ళు అనుకోనీ. దేవుడు రోడ్లు ఆపడు.

మా ఊరు పెరివోలా కొండ వాలులో ఉంది. కింద పట్నం, పట్నంలో ఆసుపత్రి. మధ్యలో వాగు లోయ. లోయ వెంట పాత గాడిద బాట ఉంది. మా నాన్న పొద్దున్నే గాడిద మీద ద్రాక్ష గంపలు వేసుకుని దిగితే, ఎండ ముదిరే లోపల అమ్ముకుని వచ్చేసేవాడు. మోటారు బండికి మాత్రం ఆ బాట చాలదు. బండి ఎక్కితే శిఖరం చుట్టూ తిరగాలి. మలుపు మీద మలుపు. ఒక మలుపులో పట్నం మొత్తం కనిపిస్తుంది, ఆసుపత్రి ఎర్ర పెంకులతో సహా. చెయ్యి చాపితే అందుతుందేమో అనిపిస్తుంది. అక్కడినుంచి ఇంకా ముప్పావు గంట.

ఆ లోయలో వాగు వంపు తిరిగే చోట నల్లరాతి గోడ ఒకటి ఉంది. మనిషి కట్టింది కాదు. దిండ్లు ఒకదాని మీద ఒకటి పడేసినట్టు గుండ్రటి రాళ్ళు, రెండంతస్తుల ఎత్తు. మేం దిండ్ల గట్టు అంటాం. మా తాతల కాలం నుంచి పొలం గట్లకీ మేకల దొడ్లకీ రాయి అక్కడిదే. కొట్టి తీసేవాళ్ళం కాదు. ఊడిపడింది తెచ్చుకునేవాళ్ళం.

క్లియాంథిస్ రాజధాని మనిషి. పైదేశంలో రాళ్ళ చదువు చదివాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఊళ్ళో దిగడానికి చోటు లేదు. లోయిజోస్ అతన్ని మా ఇంటికి పంపించాడు. మా ఊళ్ళో కాఫీ కొట్టూ లోయిజోస్‌దే, ఊరి పెద్దరికమూ లోయిజోస్‌దే. మాకు పిల్లలు లేరు, మేడ గది ఖాళీ. అదీ కారణం.

"రెండు రోజులే వదినా," అన్నాడు రోదూతో. వేసవంతా ఉన్నాడు. తర్వాత ప్రతి వేసవీ వచ్చాడు. నన్ను అన్నా అన్నాడు. మా పళ్ళెంలో తిన్నాడు. మంచివాడు కాదని నేను అనలేను. భోజనానికి కూర్చునే ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కునేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు, రాళ్ళ సంగతి ఎత్తితే తప్ప.

ఎత్తింది రోదూయే.

"ఆ గట్టు దగ్గర పొద్దస్తమానం ఏం చేస్తుంటావు మాస్టారూ? బంగారం ఉందా?"

"బంగారం అయితే నాకన్నా ముందే లోయిజోస్ తవ్వేసేవాడు వదినా. ఈ కొండంతా ఒకప్పుడు సముద్రం అడుగు."

"మా అత్తగారు వినలేదు, బతికిపోయావు. ఆవిడ ఈ కొండెక్కలేక రోజూ ఏడ్చేది."

నవ్వాడు. జేబులోంచి రాతి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఒక అంచున వేలి మందాన నల్లటి పెంకు, తారులా నిగనిగలాడుతోంది.

"సముద్రం అడుగున నేల పగిలింది. కరిగిన రాయి పైకి తన్నుకొచ్చింది. చల్లటి నీళ్ళు తగలగానే పైతోలు ఠక్కున బిగుసుకుని గాజైపోయింది. లోపలిది నిదానంగా చల్లారింది. అందుకే దిండులా ఉంటుంది. ఇప్పుడు చూడు. లోపలి రాయిని నమ్మడానికి లేదు. కోట్ల ఏళ్ళు ఉప్పునీళ్ళు తాగి, తనవి వదిలేసి, పరాయివి ఎక్కించుకుంది. ఈ గాజు ఉందే, ఇది ఎవరికీ ఏమీ ఇవ్వదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. పుట్టిననాడు ఏముందో అదే ఉంటుంది."

"ఉంటే?"

"అందులో టైటానియం ఎంతుంది, తడి ఎంతుంది అని కొలుస్తాం. నడి సముద్రంలో నేల రెండుగా విడిపోయే చోట పుట్టిందా, ఒక నేల ఇంకోదాని కిందకి దిగిపోయే చోట పుట్టిందా, అది చెప్పేస్తుంది. దిగిపోయే నేల తనతో తడి పట్టుకుపోతుంది వదినా. ఆ తడి కింద కరిగే రాతిలో కలుస్తుంది. అప్పుడు గాజులో టైటానియం తగ్గుతుంది, తడి పెరుగుతుంది. నా అనుమానం ఇది అలాంటిదేనని. దిగిపోయే అంచున పుట్టిందని."

రోదూ రొట్టె కోస్తున్నది కత్తి ఆపేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రోదూని పసిగుడ్డుగా ఎవరో మఠం గుమ్మంలో వదిలిపోయారు. పియెరీస్ వాళ్ళమ్మ తెచ్చి పెంచింది. పియెరీస్ నాకు బావమరిది అయింది అలాగే. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం. రోదూ కూడా ఎత్తదు.

"అయితే రాయికి తెలుసన్నమాట, ఎక్కడ పుట్టిందో," అంది.

"తెలుసు వదినా. అడిగేవాడికి చెప్తుంది."

ఆ పూట నుంచి ఆమె అతని పక్షం. నేను చూస్తూనే ఉన్నాను. నాకేం కోపం రాలేదు అప్పుడు. రాళ్ళ పక్షం తీసుకుంటే ఎవరికి నష్టం అనుకున్నాను.

ఒకరోజు అతను గట్టులోంచి పెద్ద ముక్క ఊడదీశాడు. ఒకవైపు చదును, పైన అంతా గాజు. పియెరీస్ గాడిద మీద మా వాకిలి దాకా వచ్చింది కానీ, రాజధాని బస్సు వాడు ఎక్కించుకోనన్నాడు. వాకిట్లోనే పడి ఉంది. ఆ వారమే మా జున్ను రాయి పగిలింది. పాలు విరిగాక ముద్దని తుంగబుట్టల్లో పోసి, పైన చెక్క వేసి, చెక్క మీద రాయి పెట్టాలి. విరుగుడు నీళ్ళన్నీ దిగాలి. అప్పుడే జున్ను గట్టిపడుతుంది. రోదూ అతని రాయి తెచ్చి పెట్టి చూసింది. కొలిచి చెక్కినట్టు కుదిరింది. గాజు పెంకు జున్నులో పడకుండా ఆ వైపు పైకి తిప్పి, తన పాత తలగుడ్డ చుట్టింది.

"మాస్టారూ, నీ రాయి నా జున్ను మీద కూర్చుంది. నీకు కావలసినప్పుడు అడుగు. నీ రాయే, ఇచ్చేస్తాను."

"నీ దగ్గరే ఉండనీ వదినా. రాజధానిలో నా గదిలో కన్నా ఇక్కడే భద్రం."

ఇద్దరూ అన్నారు ఆ మాటలు. నేను విన్నాను.

తర్వాత రోడ్డు వచ్చింది. అంటే రోడ్డు కొలిచేవాళ్ళు వచ్చారు. లోయ వెంట రంగు వేసిన కొయ్యలు పాతారు. దిండ్ల గట్టు దగ్గర బాట ఇరుకు, గట్టుని పేల్చాలన్నారు. ఆ రోజు లోయిజోస్ ఎవరి దగ్గరా కాఫీ డబ్బులు తీసుకోలేదు. మా ఊళ్ళో అలాంటిది నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

క్లియాంథిస్ వేసవి కాకుండానే వచ్చాడు. వెంట రాజధాని నుంచి ఇద్దరు టైలు కట్టుకున్న సర్కారువాళ్ళు. కాఫీ కొట్లో ఊరి మగవాళ్ళందరం చేరాం.

"మాస్టారూ, ఈ ద్వీపంలో రాళ్ళకి కరువా?" అన్నాడు లోయిజోస్. "ఇంకోటి చూసుకో. కావాలంటే నా పొలంలో ఉన్నవన్నీ పట్టుకుపో, పుణ్యముంటుంది."

"ఇలాంటిది ఇంకోటి లేదు లోయిజోస్. ద్వీపం మొత్తంలో ఇంత చెడని గాజు ఇంకెక్కడా లేదు. ఇది పోతే ఈ నేల ఎక్కడ పుట్టిందో ఇక ఎవరికీ తెలియదు."

"తెలిస్తే దానికి ఓటు హక్కు ఇస్తారా?" అన్నాడు పియెరీస్. అందరూ నవ్వారు. క్లియాంథిస్ కూడా నవ్వాడు.

"వాగు అవతలి ఒడ్డున వెయ్యమను," అన్నాను నేను.

"అది వట్టి మట్టి. వానకి జారిపోతుంది," అన్నాడు టైవాళ్ళలో ఒకడు.

అప్పుడు గుమ్మం దగ్గర వెలుతురు తగ్గింది. రోదూ నిలబడి ఉంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు కాఫీ కొట్టు వైపు తల తిప్పి కూడా చూడరు. మొగుణ్ణి పిలవాలంటే పిల్లాణ్ణి పంపుతారు. ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డతో, విరుగుడు నీళ్ళు కారే చేతులతో వచ్చింది. గడప దాటలేదు. గడప మీదే నిలబడింది.

"నాదొక మాట ఉంది," అంది.

లోయిజోస్ నా మొహం చూశాడు.

"ఇంటికి పో రోదూ," అన్నాను.

"పోతానయ్యా. మాట అయ్యాక పోతాను. రోడ్డు ఇవాళ కాకపోతే రేపు వేస్తారు. ఇటు కాకపోతే అటు వేస్తారు. ఆ రాయిని పేలిస్తే మళ్ళీ ఎవరు అతికిస్తారు? అది ఎక్కడ పుట్టిందో అడిగి తెలుసుకుంటానని ఒక మనిషి వచ్చాడు. ఇన్నాళ్ళకి వచ్చాడు. అడగనివ్వండి." "అంతే," అంది. వెళ్ళిపోయింది.

ఆమె ఎందుకు అలా అందో అక్కడ ప్రతివాడికీ తెలుసు. అందుకే రోడ్డు కావాలన్నవాళ్ళు చేతులెత్తమన్నప్పుడు సగం చేతులు లేవలేదు. పియెరీస్ చెయ్యి కూడా. నేను రోడ్డుకే ఎత్తాను. ఊరు ఒక్క మాట మీద లేదని టైవాళ్ళు రాసుకుని వెళ్ళారు. కొయ్యలు పీకేశారు. మా రోడ్డు ఇంకో ఊరికి పోయింది. అటు నుంచి వేస్తారన్నది ఎవరూ వెయ్యలేదు.

రోడ్డు బదులు కంచె వచ్చింది. గట్టు చుట్టూ ఇనుప వల, తలుపు, తాళం, బోర్డు. బోర్డు మీద ఏం రాయాలో క్లియాంథిసే చెప్పి రాయించాడు. కంచె లోపలి రాయిని తియ్యరాదు, కదల్చరాదు, ఊడిపడినదైనా సరే. పియెరీస్‌కి టోపీ ఇచ్చి కాపలా పెట్టారు. ఆ వారమే మా పక్కింటి ముసలాయన ఎప్పటిలా మేకల దొడ్డికి తోపుడు బండి నిండా రాళ్ళు వేసుకున్నాడు. క్లియాంథిస్ స్వయంగా అడ్డం నిలబడ్డాడు.

"ఊడిపడ్డ రాళ్ళే నాయనా."

"ఊడిపడ్డదైనా సరే తాతా. లోపల ఉన్నదానికి రూలు ఒకటే. ఇవాళ నీకు వదిలేస్తే రేపు ఎవణ్ణి ఆపను?"

ముసలాయన ఒక్కొక్కటే తీసి లోపల పెట్టాడు. క్లియాంథిస్ సాయం పట్టాడు కూడా. అది నాకు బాగా గుర్తుంది.

ఆ తర్వాత సుత్తులు వచ్చాయి. రాళ్ళ చదువువాళ్ళు బస్సుల్లో వచ్చారు, దేశదేశాల నుంచి. అందరి దగ్గరా అనుమతి కాగితం ఉండేది. పియెరీస్ కాగితం చూసి తలుపు తీసేవాడు. నా ద్రాక్షతోటలోకి వినపడేది టకటక. ఎవడికీ లోపలి రాయి అక్కర్లేదు. అందరికీ గాజే కావాలి. మీగడంతా తిన్నారు. కొన్నేళ్ళకి గట్టు గీరేసిన మూకుడులా అయింది. పియెరీస్ ఒకసారి కాఫీ కొట్లో అన్నాడు, "బావా, నేను దేనికి కాపలా కాస్తున్నానో నాకు తెలియడం లేదు. టోపీ మాత్రం బాగుంది."

రోదూ ఒక్కసారే వెళ్ళి చూసొచ్చింది. మళ్ళీ అటు పోలేదు.

ఆమె పోయిన ఏడు బాదం పూత ముందే వచ్చింది. వానలు కూడా ఎక్కువే. పొద్దున పాలు విరిచి, బుట్టల్లో పోసి, చెక్క వేసి, రాయి ఎత్తి పెట్టింది. పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఎడమ చెయ్యి లాగుతోందయ్యా," అంది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

పియెరీస్ పికప్ తెచ్చాడు. మధ్యలో ఆమె, అటు అతను, ఇటు నేను. శిఖరం ఎక్కాక ఒక చోట వానకి మట్టి జారి దారి మీద పడి ఉంది. నేనూ అతనూ దిగి పారతో లాగాం. అతను ఏడుస్తూ లాగాడు. నేను ఏడవలేదు, టైము లేదు. మళ్ళీ బయల్దేరాం. పట్నం కనిపించే మలుపు వచ్చింది. ఎండలో ఎర్ర పెంకులు మెరుస్తున్నాయి.

"రాయి తీసి వచ్చావా?" అంది. "ఎక్కువసేపు ఉంటే జున్ను ఎండిపోతుంది."

"తీశాను," అన్నాను. తియ్యలేదు.

"సరే," అంది. ఇంకేమీ అనలేదు. ఆసుపత్రి చేరేసరికి పని అయిపోయింది. డాక్టరు చిన్నవాడు. "కాస్త ముందు తీసుకొస్తే చూసేవాళ్ళం," అన్నాడు. నేను అతన్ని ఏమీ అనలేదు. అతను ఏ రోడ్డూ ఆపలేదు.

పాతిపెట్టి ఇంటికి వచ్చాను. రాయి ఇంకా జున్ను మీదే ఉంది. జున్ను చెక్కలా అయిపోయింది. కుక్క కూడా తినలేదు. క్లియాంథిస్ అప్పుడు పైదేశంలో ఉన్నాడట. పూలచక్రం పంపించాడు. నలభయ్యోనాటి ప్రార్థనకి నేను అందరికీ ఉడికించిన గోధుమలు పంచాను. పూలచక్రం గాడిదకి వేశాను.

చాలా ఏళ్ళ తర్వాత వచ్చాడు. ఆ రోజూ నేను జున్ను పెడుతున్నాను. పని నాకు వచ్చేసింది, ఆమె చేసినంత రాదు కానీ వచ్చింది. వాకిట్లో ఎవరో నిలబడ్డారు. తల నెరిసిపోయింది. చేతికర్ర.

"త్రిఫోనా అన్నా," అన్నాడు.

"నన్ను అన్నా అని పిలవొద్దు."

"సరే." నిలబడే ఉన్నాడు. నేను కూర్చోమనలేదు. చివరికి తనే అరుగు అంచున కూర్చున్నాడు. "వదిన పోయినప్పుడు రాలేకపోయాను."

"రోడ్డు బాలేదుగా."

తల దించుకున్నాడు. నేను బుట్టలు సర్దుతున్నాను.

"గట్టు చూసొచ్చావా?" అన్నాను.

"చూశాను. గాజు పిసరు లేదు."

"ఎవడు తిన్నాడు?"

"మేమే."

"రోడ్డయితే ఒకేసారి తినేది. తిన్నాక రోడ్డు మిగిలేది."

తన గోడు మొదలెట్టాడు. అప్పట్లో తను కొలిచిన లెక్కలు తప్పని ఇప్పుడు అంటున్నారట. అప్పటి యంత్రాలు మొద్దువి, గాజుతో పాటు పాడైన రాయి కూడా కలిసిపోయింది, ఆ తడి పుట్టుకది కాదు, తర్వాత ఎక్కిన ఉప్పునీళ్ళది అని అంటున్నారట. ఈ నేల నడి సముద్రంలోనే పుట్టింది, దిగే అంచున కాదు అని పుస్తకాలు వేస్తున్నారట. ఇప్పుడు కొత్త యంత్రాలు వచ్చాయి. గోరంత మంచి గాజు ఉంటే చాలు, తేలిపోతుంది. ఆ గోరంత గాజు ఆ గట్టులో లేదు. వచ్చినవాళ్ళు పట్టుకుపోయిన ముక్కలు ఏ సొరుగుల్లో ఉన్నాయో, ఏవి ఎక్కడివో ఎవరికీ తెలియదు.

"ఒక్క ముక్క ఉంది. అది ఎక్కడినుంచి తీశానో నాకు తెలుసు, నేనే తీశాను," అన్నాడు. చూపు జున్ను చెక్క మీది తలగుడ్డ మూట మీద ఉంది. "ఈ ఏటితో నా ఉద్యోగం అయిపోతుంది. తర్వాత యంత్రం దగ్గరికి నన్ను రానివ్వరు."

"తేలితే నాకేంటి?"

"నీకేమీ లేదు."

అబద్ధం చెప్పలేదు. అందుకు నేను ఇంకో ప్రశ్న అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"ఆ రోజు కొట్లో అన్నావు, ఇలాంటిది ద్వీపంలో ఇంకోటి లేదని. తర్వాతైనా దొరికిందా?"

బుట్టల్లోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"దొరికింది. తూర్పున, ఒక వాగులో. దీనికన్నా మంచి గాజు."

"ఎప్పుడు?"

"కంచె వేసిన మరుసటి వేసవి."

"ఎవరికైనా చెప్పావా?"

"చదువుకున్నవాళ్ళకి చెప్పాను."

"రోడ్డువాళ్ళకి?"

"చెప్తే కంచె పీకి గట్టు పేల్చేవాళ్ళు. అది వేరే పొర. ఈ రాయి సంగతి ఆ రాయి చెప్పదు. రెండూ కావాలి. నీకు అర్థమయ్యేలా చెప్పడం..."

"అర్థమైంది," అన్నాను. "అప్పటికి రోదూ బతికే ఉంది. ఆ వేసవి కూడా మా బల్ల దగ్గరే తిన్నావు."

"తిన్నాను."

"ఆమెకి చెప్పావా?"

"లేదు."

జున్ను నీళ్ళు దిగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. నీళ్ళు చుక్కలైపోయాక లేచి రాయి దించాను. తలగుడ్డ విప్పాను. ఇన్నేళ్ళు గుడ్డ కింద ఉండి గాజు నిన్న చెక్కినట్టు ఉంది. అతను అందుకోబోయాడు.

"బరువు. నేను మోస్తాను," అన్నాను.

"ఆమె మాట ఇచ్చింది. నువ్వు నిలబెడతావని నాకు తెలుసు," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

రాయి భుజాన పెట్టుకుని వీధిలోకి వచ్చాను. అతని కారు చర్చి దగ్గర ఉంది. నేను లోయ వైపు తిరిగాను.

"కారు ఇటు ఉంది."

"రా," అన్నాను.

వచ్చాడు. కర్ర పొడుచుకుంటూ గాడిద బాట మీద నా వెనక దిగాడు. కంచె దగ్గర పియెరీస్ స్టూలు మీద కూర్చుని బాదంపప్పులు కొట్టుకుంటున్నాడు.

"ఏంటి బావా, కొత్త పెళ్ళికూతుర్ని మోసినట్టు మోసుకొస్తున్నావు? మాస్టారూ, మీరా? ఎన్నాళ్ళకి."

"తలుపు తియ్యి," అన్నాను.

తీశాడు. లోపలికి వెళ్ళాను. క్లియాంథిస్ ఆ రాయి ఊడదీసిన గుంట గట్టు కింద ఇంకా అలాగే ఉంది. రాయి దాంట్లో పెట్టాను. అంచులు అరిగాయి, అయినా పట్టింది. గాజు బయటికి కనపడేలా తిప్పాను. బయటికి వచ్చాను.

"తాళం వెయ్యి. బోర్డు చదువు."

"నాకు నోటికొచ్చు బావా."

"మాస్టారికి వినిపించు."

పియెరీస్ నా వైపు చూశాడు, అతని వైపు చూశాడు. బాదంపప్పు గుప్పిట్లోనే ఉంచుకుని చదివాడు. కంచె లోపలి రాయిని తియ్యరాదు, కదల్చరాదు, ఊడిపడినదైనా సరే.

"ఇది గట్టులోంచి ఇప్పుడు ఊడిపడింది కాదు, మీ ఇంట్లోంచి తెచ్చింది," అన్నాడు క్లియాంథిస్.

"లోపల ఉన్నదానికి రూలు ఒకటే. నువ్వే చెప్పావు. కావాలంటే అనుమతికి అర్జీ పెట్టుకో."

"ఆ సంతకం పెట్టేది నాతో వాదించేవాడే. ఇవ్వడు. ఇచ్చినా ఈ ఏడు గడిచాక ఇస్తాడు."

"అయితే చుట్టూ తిరిగి పో. మేం అలాగే పోతాం."

అతను వల దగ్గరికి వెళ్ళాడు. ఒక చోట వల చిరిగి ఉంది. చెయ్యి దూర్చాడు. వేళ్ళు గాజుకి జానెడు దూరంలో ఆగాయి. ఇంకాస్త వంగితే అందేది.

"చెయ్యి తియ్యండి మాస్టారూ," అన్నాడు పియెరీస్.

నేను చెప్పమనలేదు. తనే అన్నాడు. లేచి నిలబడి, టోపీ సర్దుకుని అన్నాడు. ఆ కాపలా మొదలైనప్పటి నుంచి వాడు చేసిన పని అదొక్కటే.

క్లియాంథిస్ చెయ్యి తీశాడు. మోచేతి దగ్గర ఇనుము గీసుకుని రక్తం వచ్చింది. జేబు రుమాలు చుట్టుకున్నాడు.

"రోదూ వదిన అయితే ఇచ్చేది," అన్నాడు.

"ఇచ్చేది," అన్నాను. "ఇచ్చే మనిషి కనకే లేదు."

పైకి ఎక్కిపోయాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మేం సాయం పోలేదు. కాసేపటికి శిఖరం మీద కారు హారన్ వినిపించింది, మలుపుల దగ్గర ఒక్కొక్కసారి, దూరమవుతూ.

అర్జీ పెట్టుకున్నాడు. ఆ చలికాలం లోయిజోస్ మా ఇంటికి వచ్చాడు. కొట్టు వదిలి వాడు ఎవరింటికీ రాడు.

"త్రిఫోనా, రాజధాని నుంచి అడుగుతున్నారు. ఆ రాయి కంచె లోపలి రాయా, ఇంటి రాయా అని. ఇంటి రాయి అయితే రూలు తగలదట, అతను పట్టుకుపోవచ్చట. ఊళ్ళో అందరికీ తెలుసు అది మీ జున్ను రాయని. కానీ ఇంటివాడు చెప్పాలట. నువ్వు ఒక్క మాట చెప్పు, నేను రాసి పంపిస్తాను."

నేను కాఫీ కాచి వాడి ముందు పెట్టాను.

"ఆయన ముసలాడైపోయాడు. ఏం మిగులుతుంది నీకు?"

నేను ఆ మాట చెప్పలేదు. లోయిజోస్ తన కాఫీ తాగి, కప్పు బోర్లించి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. పియెరీస్‌ని పంపించాడు. ఫాదరు గారిని పంపించాడు. ఫాదరు గారు క్షమించడం గురించి చెప్పారు. విన్నాను. ఆయన వెళ్ళేటప్పుడు ఒక జున్ను ముద్ద ఇచ్చాను. మెత్తగా ఉందన్నారు. ఇప్పుడు సిమెంటు దిమ్మ పెడుతున్నాను, అది సరిగా కుదరదు.

క్లియాంథిస్ నిరుడు పోయాడని పియెరీస్ చెప్పాడు. నడి సముద్రమా, దిగే అంచా, అతని లెక్క తేలకుండానే పోయాడు. రాయి అక్కడే ఉంది. వానలకి పైన తెల్లగా పొర కట్టిందట. నేను చూడలేదు.

అతను లేడు కనక ఇప్పుడు చెప్తున్నాను, అది ఇంటి రాయే. రోదూ రాయి. లోయిజోస్ రాసి పంపుకుంటే పంపుకోవచ్చు. దీని గురించి ఇక నన్ను ఎవరూ అడగొద్దు. అడిగినా నేను మాట్లాడను.